ఫ్లట్టర్ యాప్‌లో ఐకాన్లు: ఏ లైబ్రరీ తీసుకోవాలి, ఎంత మార్చుకోవచ్చు

తమ్ముడూ, తర్వాత చదివేవాళ్లకి కూడా తెలియాలి కాబట్టి నువ్వడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను. ఒడిశాలో గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడి వైపు సంతల్లో సరుకు అమ్ముకునేవాళ్లనీ, ఆంధ్రా వైపు పాతపట్నం నుంచి వచ్చి కొనేవాళ్లనీ కలిపే యాప్‌ని ఫ్లట్టర్‌లో (ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ యాప్ చేసుకునే సాధనం) చేస్తున్నావు. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ ఉండాలి. ఐకాన్ల కోసం నాలుగు ప్యాకేజీలు (రెడీమేడ్ ఐకాన్ల లైబ్రరీలు) దింపావు. అయినా స్క్రీన్ అతుకుల బొంతలా ఉందంటున్నావు, పైగా ఏపీకే (ఫోన్లోకి ఎక్కించే యాప్ ఫైలు) బరువెక్కింది. లూసిడ్ అనే ఐకాన్ లైబ్రరీ సైట్లో గీత మందం మార్చుకోవచ్చని ఉంది, నీ యాప్‌లో మాత్రం మారడం లేదు. జీడిపిక్కలకీ చోళ్లకీ (రాగులు) ఎక్కడా ఐకాన్ దొరకలేదు. చదువు రానివాళ్లు కూడా వాడతారు కదా, అక్షరాలు తీసేసి బొమ్మలే పెడదామా అన్నావు. చివర్లో ఐఫోన్ సంగతి అడిగావు.

నేను బరంపురంలో ఉంటూ ఇలాంటి చిన్న యాప్‌లు చాలానే చేశాను. నీ వరసలో కాకుండా నాకు తోచిన వరసలో చెప్తాను.

ముందు ఆ గీత మందం సంగతి, ఎందుకంటే మిగతా గందరగోళం సగం అక్కడినుంచే వస్తోంది. "కావలసినట్టు మార్చుకోవచ్చు" అని ఏ లైబ్రరీ సైట్లో రాసినా, ఆ మాట ఎస్‌వీజీ అనే బొమ్మ ఫైలు రూపం గురించి రాసినదే అయ్యుంటుంది. ఎస్‌వీజీలో గీత గీతగానే ఉంటుంది, దాని మందం ఒక అంకె, ఆ అంకె మారిస్తే గీత మారుతుంది. ఫ్లట్టర్ ప్యాకేజీల్లో ఐకాన్లు ఎక్కువగా ఫాంటు రూపంలో వస్తాయి. ఫాంటు తయారుచేసేటప్పుడే ప్రతి గీతనీ దాని చుట్టుకొలతగా మార్చేస్తారు. అంటే 2 పిక్సెల్ మందం అందులో గడ్డకట్టేసినట్టే. ఇక నీ చేతిలో మిగిలేవి సైజూ రంగూ మాత్రమే. లూసిడ్ తప్పూ లేదు, నీ తప్పూ లేదు.

ఫాంటు రూపంలోనే ఉండి మందం కూడా మారాలంటే రెండు దారులున్నాయి. ఒకటి ఫాస్ఫర్: థిన్, లైట్, రెగ్యులర్, బోల్డ్, ఫిల్, డ్యుయోటోన్ అని ఆరు రకాలు ముందే గీసి ఇస్తారు, అందులోంచి ఏరుకోవడమే. రెండోది గూగుల్ 2022లో తెచ్చిన మెటీరియల్ సింబల్స్. ఇది వేరియబుల్ ఫాంటు. ఒకే ఐకాన్‌ని నాలుగు రకాలుగా సాగదీయొచ్చు. వెయిట్ 100 నుంచి 700 దాకా. ఫిల్ 0 అయితే ఖాళీ గీత బొమ్మ, 1 అయితే నిండు బొమ్మ. గ్రేడ్ అంటే సైజు మారకుండా మందంలో చేసే సన్నని సవరణ; డార్క్ మోడ్‌లో తెల్ల ఐకాన్ నల్ల నేపథ్యం మీద ఉబ్బినట్టు కనపడుతుంది కదా, అక్కడ గ్రేడ్ మైనస్ 25 పెడితే సర్దుకుంటుంది. నాలుగోది ఆప్టికల్ సైజు, 20 నుంచి 48 దాకా. ఐకాన్ పెద్దదవుతున్నకొద్దీ గీత కూడా లావెక్కిపోకుండా ఇది చూసుకుంటుంది.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. ఫ్లట్టర్‌తో పాటే వచ్చే ఐకాన్స్ క్లాసు పాత మెటీరియల్ ఐకాన్స్‌ది, అది వేరియబుల్ ఫాంటు కాదు. ఐకాన్ విడ్జెట్‌కి (స్క్రీన్ మీద ఐకాన్ చూపించే ముక్క) వెయిట్, ఫిల్, గ్రేడ్ అనే పారామీటర్లు ఉన్నాయి కాబట్టి ఇస్తాం, ఎర్రర్ కూడా రాదు, కానీ స్క్రీన్ మీద ఏమీ మారదు. మెటీరియల్ సింబల్స్ ప్యాకేజీ విడిగా చేర్చుకుంటేనే అవి పనిచేస్తాయి.

నీ యాప్‌కి నేనైతే మెటీరియల్ సింబల్స్‌లో రౌండెడ్ (గుండ్రటి మూలల రకం) ఒక్కటే తీసుకుంటాను. మిగతా మూడు ప్యాకేజీలూ తీసెయ్. ఫాస్ఫర్ ముచ్చటగా ఉంటుంది, దానితో వెళ్లినా నేను వద్దనను, కానీ ఏదో ఒక్కటే ఉండాలి. రెండు లైబ్రరీలు కలిస్తే ఏమవుతుందో నీ స్క్రీన్‌షాట్‌లోనే ఉంది చూడు: కింద బార్‌లో ఇల్లు బొమ్మకి గుండ్రటి మూలలు, పక్కనే సంచి బొమ్మకి కత్తిరించినట్టు పదును మూలలు, మూడోదాని గీత ఇంకా సన్నం. వాడేవాడు కారణం చెప్పలేడు గానీ ఏదో చవకబారుగా ఉందని మాత్రం అనుకుంటాడు. ఇంకోటి, ఫెదర్ లాంటి పాత సెట్లలో డబ్బు అంటే డాలర్ గుర్తే. నీ అమ్మకాల పేజీలో డాలర్ అలాగే కూర్చుంది! మెటీరియల్‌లో, ఫాస్ఫర్‌లో, లూసిడ్‌లో, టేబ్లర్‌లో రూపాయి గుర్తు ఉంది. లైబ్రరీ ఎంచుకునే ముందు నేను మొదట వెతికేది అదే. అలాగే ట్రాలీ బండి బొమ్మ. మన సంతలో ట్రాలీ తోసేవాళ్లు ఎవరున్నారు? సంచి బొమ్మ పెట్టు.

ఇప్పుడు అసలు సలహా. లైబ్రరీ ఏదన్నది కాదు, అది నీ కోడ్‌లో ఎక్కడ ఉందన్నది ముఖ్యం. ఇప్పుడు ప్రతి స్క్రీన్లోనూ ప్యాకేజీని ఇంపోర్ట్ చేసి, అక్కడికక్కడే సైజు, రంగు రాస్తున్నావు. అలా వద్దు. యాప్ ఐకాన్లు అని ఒకే ఒక్క ఫైలు పెట్టు. ఐకాన్లన్నీ అందులోంచే బయటికి రావాలి. పేర్లు బొమ్మని బట్టి కాకుండా పనిని బట్టి ఉండాలి: టిక్‌మార్క్ అని కాదు, బేరం కుదిరింది అని. త్రాసు అని కాదు, తూకం నమోదు అని. రేపు ఆ టిక్‌మార్క్ బదులు చేతులు కలిపే బొమ్మ బాగుంటుందనిపిస్తే ఒక్క వరస మారిస్తే చాలు, ఏ స్క్రీన్‌నీ ముట్టుకోనక్కర్లేదు. ఆ ఫైల్లో ఉన్నవన్నీ కాన్‌స్ట్‌గా (కోడ్‌లోనే ముందే ఖాయమై, తర్వాత మారనివిగా) ఉండాలి, కారణం కింద చెప్తాను.

సైజు, రంగు, వెయిట్ అయితే థీమ్‌లో ఐకాన్ థీమ్ అని ఉంది, అక్కడ ఒకసారి పెట్టి వదిలెయ్. అందులోనే అప్లై టెక్స్ట్ స్కేలింగ్ అని ఇంకోటి ఉంది, దాన్ని ఆన్ చెయ్. మన పెద్దవాళ్లు ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుంటారు. అప్పుడు రాత పెరుగుతుంది, ఐకాన్ మాత్రం పక్కన చీమలా మిగిలిపోతుంది. డిఫాల్ట్‌గా అది ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి ఎవరూ గమనించరు.

సైజు 24 గానీ 48 గానీ పెట్టు. 20, 22 లాంటివి ఎందుకు వద్దంటానో లెక్క చూడు. ఈ ఐకాన్లు ఎక్కువగా 24 గడుల చదరంలో, 2 గడుల గీతతో గీసినవి. చవక ఫోన్లలో ఎక్కువగా ఒక డీపీకి (ఆండ్రాయిడ్‌లో సైజు కొలిచే యూనిట్) 2 పిక్సెళ్లు. 24 సైజులో గీత సరిగ్గా 4 పిక్సెళ్లు పడుతుంది, అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. అదే 20కి తగ్గిస్తే గీత మూడూ కాదు, నాలుగూ కాదు, 3.33. మిగిలిన ముక్కని ఫోన్ బూడిద రంగుతో నింపుతుంది, అదే నీకు మసకగా కనపడేది. ఖరీదైన ఫోన్లో ఇది తెలియదు. నీ ఫోన్లో బాగుందని మోసపోకు. ఐకాన్ 24 ఉన్నా వేలు తగిలే చోటు మాత్రం 48 డీపీ ఉండాలి, ఆండ్రాయిడ్ మార్గదర్శకం అదే. ఐకాన్‌బటన్ వాడితే అది తనే చూసుకుంటుంది, జెస్చర్ డిటెక్టర్‌లో ఐకాన్ పెట్టావంటే నువ్వే చూసుకోవాలి.

రంగు దగ్గర ఒక్క మాట. కలర్స్‌లో గ్రే అని ఊరికే రాస్తే వచ్చే బూడిద రంగు తెల్ల నేపథ్యం మీద చాలదు. బొమ్మలకి, గుర్తులకి కనీసం 3కి 1 కాంట్రాస్ట్ ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణం చెప్తోంది, ఆ బూడిద అంతకంటే తక్కువ. గ్రే 600 తీసుకుంటే నాలుగున్నర దాటుతుంది. సంతలో మిట్టమధ్యాహ్నం ఎండలో, బ్రైట్‌నెస్ సగం పెట్టుకుని చూసే ఫోన్ అది. థిన్, 100, 200 వెయిట్లు అక్కడ అసలు కనపడవు. 400కి తగ్గొద్దు. 500 పెట్టినా ముద్దగా ఏమీ ఉండదు.

ఏపీకే సైజు గురించి టెన్షన్ పడకు. నువ్వు చూస్తున్నది డీబగ్ బిల్డ్, అంటే తయారీలో పరీక్షకి వాడేది. అందులో ఫాంట్లు మొత్తానికి మొత్తం ఉంటాయి, ఇంకా చాలా సరంజామా కూడా. జనానికి ఇచ్చే రిలీజ్ బిల్డ్‌లో ఫ్లట్టర్ నువ్వు వాడిన ఐకాన్లే ఉంచి మిగతావి తీసేస్తుంది. బిల్డ్ అవుతున్నప్పుడు టెర్మినల్‌లో చూడు, 16 లక్షల బైట్లకు పైగా ఉన్న మెటీరియల్ ఐకాన్స్ ఫాంటు కొన్ని వేల బైట్లకు దిగినట్టు రాస్తుంది. ఏపీకేని వాట్సాప్‌లో పంచుతావు కాబట్టి ప్రాసెసర్ రకాన్ని బట్టి విడివిడిగా బిల్డ్ చెయ్, అక్కడ తగ్గేది ఐకాన్ల దగ్గర తగ్గేదానికంటే చాలా ఎక్కువ.

కానీ ఆ కోత జరగాలంటే ఒక షరతు ఉంది, కాన్‌స్ట్ అన్నది అందుకే. ఏ ఐకాన్ వాడుతున్నావో కోడ్ చూసి కంపైలర్‌కి తెలియాలి. నువ్వేమో సరుకుల రకాలు సర్వర్లో పెట్టి, ప్రతి రకానికీ ఐకాన్ నంబరు అక్కడే రాసి, ఫోన్లో ఆ నంబరుతో ఐకాన్‌డేటా తయారుచేస్తున్నావు. డీబగ్‌లో బాగానే నడుస్తుంది. రిలీజ్‌కి వెళ్లగానే బిల్డ్ ఆగిపోతుంది, ఆ ఎర్రర్ వెతికితే దొరికే మొదటి సలహా, ఐకాన్ కోత ఆపేసే ఫ్లాగ్ పెట్టమని. పెడితే బిల్డ్ అవుతుంది, మొత్తం ఫాంటు యాప్‌లో కూర్చుంటుంది. మెటీరియల్ సింబల్స్ వేరియబుల్ ఫాంటు అయితే అది మెగాబైట్లలో ఉంటుంది.

బరువు ఒక్కటే కాదు సమస్య. ఆ నంబర్లు యూనికోడ్‌లో (అక్షరాలకి నంబర్లిచ్చే ప్రమాణం) ఎవరికీ కేటాయించని సొంత వాడకపు భాగంలోవి. ఏ నంబరుకి ఏ బొమ్మ అన్నది ఆ ఫాంటు చేసినవాళ్ల ఇష్టం. కొత్త వెర్షన్లో వాళ్లు సర్దుబాటు చేస్తే నీ సర్వర్లో ఉన్న పాత నంబరు ఇంకో బొమ్మని చూపిస్తుంది. తేనె దగ్గర విమానం రావచ్చు. సర్వర్ నుంచి పేరు మాత్రమే రానివ్వు, "తేనె", "చింతపండు" అని. ఆ పేరుకి ఏ ఐకాన్ అన్నది నీ ఐకాన్ల ఫైల్లోనే ఒక మ్యాప్‌లో పెట్టుకో. పేరు తెలియకపోతే చూపించడానికి ఒక మామూలు బస్తా బొమ్మ ఉంచు, ఎందుకంటే సర్వర్లో కొత్త సరుకు చేరుతుంది, ఫోన్లో మాత్రం పాత యాప్ ఉంటుంది.

ఇక జీడిపిక్కలూ చోళ్లూ. ఇక్కడ నా అభిప్రాయం గట్టిగా చెప్తాను: పనులకి ఐకాన్లు, సరుకులకి ఫోటోలు. అమ్ము, కొను, తూకం, ఫోన్ చెయ్యి, వెనక్కి: ఇవి ఐకాన్లు. చింతపండు, పసుపు, అడ్డాకులు, కొండచీపుర్లు: ఇవి ఫోటోలు. ఒకే రంగు గీతల్లో చింతపండునీ కుంకుడుకాయనీ విడదీసి చూపించగల చిత్రకారుడు ఇంకా పుట్టలేదు. నీ వాడకందార్లు సరుకుని రంగుతో, గరుకుతో గుర్తుపట్టేవాళ్లు. 96 పిక్సెళ్ల చదరపు వెబ్‌పీ ఫోటో కొన్ని కిలోబైట్లే అవుతుంది. సంతకి వెళ్లి తెల్ల గోనె మీద పోసి నువ్వే తీసుకో, ఇంటర్నెట్‌లో దొరికే ఫోటోలో ఉన్న చింతపండు మన చింతపండులా ఉండదు.

అయినా పైన ఫిల్టర్ల వరసలో ధాన్యం, పిక్కలు, ఆకులు అని చిన్న ఐకాన్లు కావాలంటే రెండు మూడు సొంతంగా గీసుకోక తప్పదు. లైబ్రరీలో "గ్రెయిన్" అని వెతికితే నువ్వన్నట్టు చుక్కలే వస్తాయి, అది ధాన్యం కాదు, ఫోటోలో కనపడే రవ్వ. (చోళ్లు పోసినట్టే ఉంటుందనుకో, అది వేరే సంగతి.)

చోడి కంకి గీద్దాం. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో 24 గడుల చదరం తీసుకో. చుట్టూ 2 గడులు ఖాళీ వదులు, మిగిలింది 20. గీత 2, గీతకీ గీతకీ మధ్య సందు 2 ఉండాలి, లేకపోతే చిన్న సైజులో అతుక్కుపోతాయి. అంటే అడ్డంగా అయిదు గీతలు, నాలుగు సందులు కలిపి 18. అంతకంటే పట్టవు. చోడి కంకి వేళ్లు నిజంగానే అయిదారు ఉంటాయి కాబట్టి అయిదూ గీయాలనిపిస్తుంది. గీస్తే అది కంకిలా ఉండదు, చెయ్యిలా ఉంటుంది, జనం దండం పెట్టే గుర్తు అనుకుంటారు. మూడు వేళ్లు చాలు, కొసలు లోపలికి ముడిచి, కింద కాడ కొంచెం వంచు. జీడిపిక్క ఇంకా సులువు, పండు కింద వంకర పిక్క వేలాడితే చాలు, మన వైపు చంటిపిల్లలు కూడా గుర్తుపడతారు. గీత చివర్లు గుండ్రంగా ఉంచు, నువ్వు తీసుకున్నది రౌండెడ్ కదా. లైబ్రరీ ఐకాన్ ఒకటి పక్కనే పెట్టుకుని, రెండూ ఒకే చెయ్యి గీసినట్టు ఉన్నాయా అని చూస్తూ గీయి.

గీశాక గీతలన్నిటినీ పాత్‌గా (చుట్టుకొలత రూపంలోకి) మార్చి, ఒకదానిమీద ఒకటి పడ్డవాటిని కలిపెయ్. ఫ్లట్టర్ ఐకాన్ లేదా ఐకోమూన్ సైట్లో ఎక్కిస్తే నీ సొంత చిన్న ఫాంటు వస్తుంది. కొన్నిసార్లు బొమ్మ లోపలి కన్నం మూసుకుపోయి నిండు ముద్దగా వస్తుంది. ఎస్‌వీజీలో కన్నాన్ని గుర్తించే పద్ధతి ఒకటి, ఫాంటుది ఇంకొకటి కావడమే కారణం. లోపలి పాత్ దిశ తిప్పితే తెరుచుకుంటుంది. డౌన్‌లోడ్‌తో వచ్చే చిన్న జేసన్ ఫైలుని పారెయ్యకు, ప్రాజెక్టులోనే దాచు. తర్వాత నాలుగో ఐకాన్ చేర్చాలంటే దాన్నే మళ్లీ ఎక్కించాలి, అప్పుడే పాత నంబర్లు చెదరవు. సొంత ఫాంటు కూడా సింబల్స్‌లా సాగదు, ఒకే మందం, ఒకే రూపం. అందుకే థీమ్‌లో వెయిట్ ముందు ఖాయం చేసుకుని ఆ తర్వాతే గీయి.

సవర గోడ బొమ్మల్ని ఐకాన్లుగా పెడితే లోకల్‌గా ఉంటుంది కదా అని కూడా రాశావు. ఆ గీత చాలా సన్నం, 24 సైజులో నలుసులా అయిపోతుంది. అదీకాక అవి ఇంట్లో దేవతలకోసం, చనిపోయిన పెద్దలకోసం గోడమీద రాసేవి. డిలీట్ బటన్ మీదికి తెస్తే వాళ్లకి ఎలా ఉంటుందో ఆలోచించు.

బొమ్మలే పెట్టి అక్షరాలు తీసెయ్యడం మాత్రం వద్దు. మన వైపు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివినవాళ్లు ఎంతోమంది. వాళ్లకి తెలుగు రాత రాదు, తెలుగు మాట వస్తుంది. అది ఐకాన్‌తో తీరే ఇబ్బంది కాదు, మాటకి ఒక భాష, రాతకి ఒక లిపి ఎంచుకోనివ్వాలి. పళ్లచక్రం అంటే సెట్టింగ్స్ అని మనకి తెలుసు, కొత్తగా ఫోన్ పట్టినవాళ్లకి అది పువ్వు. ఐకాన్ కింద ఎప్పుడూ పేరు ఉండాలి. చదువు రానివాళ్లకోసం అయితే వేలు నొక్కిపడితే ఆ పేరు గొంతుతో వినిపించు, బొమ్మ ఎంత బాగా గీసినా చెయ్యలేని పని అది చేస్తుంది. చూపు లేనివాళ్లకి స్క్రీన్ చదివి వినిపించే టాక్‌బ్యాక్ వాడేవాళ్లకోసం ఐకాన్‌బటన్‌లో టూల్‌టిప్ ఇవ్వు, అది అనువాదాల ఫైల్లోంచి రావాలి, కోడ్‌లోనే ఇంగ్లీషులో రాసెయ్యకు.

ఐకాన్ పక్కన తెలుగు రాతతో ఒక చిక్కుంది. "లెక్కలు", "కొత్త బేరం" లాంటి మాటల్లో వత్తులు కిందికి దిగుతాయి. డిజైనర్లు టెక్స్ట్ స్టైల్‌లో హైట్ 1 అని బిగించేస్తారు, ఇంగ్లీషుకి బాగుంటుంది, తెలుగులో వత్తు అడుగు కోసుకుపోతుంది. ఆ హైట్ వదిలెయ్, కింద బార్ ఎత్తు కొంచెం పెంచు. ఒడియా అక్షరాలకీ అదే మందు.

లైసెన్స్ సంగతి తేలికే. మెటీరియల్ సింబల్స్ అపాచీ 2.0, ఫాస్ఫర్, టేబ్లర్ ఎంఐటీ, లూసిడ్ ఐఎస్‌సీ. ఫాంట్ ఆసమ్ ఉచిత ఐకాన్ల బొమ్మలు సీసీ బై 4.0, అంటే వాళ్ల పేరు చెప్పాలి. ఫ్లట్టర్‌లో లైసెన్స్ పేజీ రెడీగా ఉంటుంది, ప్యాకేజీల లైసెన్సులు తనే పోగుచేసి చూపిస్తుంది. అబౌట్‌లోంచి దానికొక లింకు ఇస్తే సరి. వాట్సాప్ గుర్తు, యూపీఐ కంపెనీల గుర్తులు మాత్రం లైబ్రరీలో ఉన్నంతమాత్రాన నీవి కావు, ఆయా కంపెనీల నిబంధనలు చూసుకుని వాడు.

కింద ఇంకొకరు రియాక్ట్ నేటివ్‌లో (ఫ్లట్టర్ లాంటి ఇంకో సాధనం) ఎలా అని అడిగారు. అక్కడ లూసిడ్ ఎస్‌వీజీగానే వస్తుంది కాబట్టి గీత మందం నిజంగానే మారుతుంది. కానీ అక్కడ కోడ్‌ని మూటకట్టే మెట్రో బండ్లర్, వాడని ఐకాన్లని మామూలుగా తనంతట తీసెయ్యదు, మొత్తం లైబ్రరీ ఇంపోర్ట్ చెయ్యకుండా ఐకాన్‌కి ఐకాన్ విడిగా తెచ్చుకోండి. పొడుగు లిస్టులో వరసకి నాలుగైదు ఎస్‌వీజీలు ఉంటే చవక ఫోన్లో స్క్రోల్ తడబడవచ్చు, అక్కడ ఫాంటు ఐకాన్లే మేలు.

ఐఫోన్‌కి వెళ్లినప్పుడు ఆపిల్ వాళ్ల ఐకాన్లు, ఎస్ఎఫ్ సింబల్స్, వాడొచ్చా అన్నావు. ఐఫోన్ యాప్‌లో వాడొచ్చు, వాటినే ఎగుమతి చేసి ఆండ్రాయిడ్‌లో పెట్టడానికి మాత్రం ఆపిల్ లైసెన్స్ ఒప్పుకోదు. యాప్ లోగోలో కూడా వాడకూడదు. ఫ్లట్టర్‌లో వచ్చే కూపర్టీనో ఐకాన్స్ వేరే ఫాంటు, అది ఎంఐటీ లైసెన్స్‌ది, రెండు వైపులా పనికొస్తుంది. నీ యాప్‌కైతే అదీ అక్కర్లేదు. వెనక్కి వెళ్లే బాణం, షేర్ గుర్తు, ఈ రెండే ఐఫోన్ వాళ్లకి వేరుగా అలవాటు. ఐకాన్ల ఫైల్లో ఆ రెండింటికే ప్లాట్‌ఫామ్ చూసి మార్చు, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచు.